మూడు తీసేస్తే కుదిరిన టైము

ఈ రోజు మదనపల్లె టమోటా మండీలో టోకెన్ల సర్వరు టైము తప్పింది. ముందొచ్చిన నిమ్మనపల్లె రైతుకు వెనక టైము, వెనకొచ్చినాయనకు ముందు టైము. గేటు కాడ ఒకటే కొట్లాట.

మండీ కంప్యూటర్లు చూసుకునేది నేనే. పోయి చూస్తే అదొక వర్చువల్ మెషీను, అంటే పెద్ద కంప్యూటర్లో సాఫ్ట్‌వేరుతో కట్టిన కంప్యూటరు. స్పీడుగా ఉంటాదని మండీ మేనేజరు దానికి మెదడు లాంటి సీపీయూలు నాలుగు పెట్టించినాడు. గడియారాన్ని నడిపే టిక్కు టిక్కు సంకేతాలు, అదే టైమర్ ఇంటరప్టులు, ఒక్కదానికే సరిగ్గా అందుతాండాయి, మిగతా మూడింటికి ఆగి ఆగి వస్తాండాయి. అసలు కారణం దొరికేదాకా ఆ మూడూ తీసేసినాను. టోకెన్లు వరసలో పడినాయి.

మేనేజరు వచ్చి చూసి, "మూడు తీసేస్తేనే ఇంత బాగుండాది, ఆ ఒకటి మాత్రం యాలప్పా? అదీ తీసెయ్, ఇంకా బాగుంటాది" అన్నాడు.

మీ ఆఫీసులోనూ ఇట్లాంటి డాక్టరు ఉండాడా? మా మేనేజరు ఈ వైద్యం ముందు తన బుర్రకే చేసుకున్నట్టుండాడు.