చెవిమేస్త్రీకి వినపడని చప్పుడు

మా బావ చెవిని చూసి చుట్టుపక్కల మెకానిక్కులందరూ కుళ్లుకునేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, రోగమేమిటో చెప్పేసేవాడు. అందుకే ఆయన్ని అందరూ చెవిమేస్త్రీ అనేవారు. షెడ్డులో ఆయనకు సామాన్లు అందించేది మరదలినైన నేనే. పాతికేళ్లు ఆ సుత్తి మోత భరించాను కాబట్టి, ఆయన్ని నాలుగు మాటలనే హక్కు నాకుంది.

అక్క నర్సు. కొండమీది ఇళ్లకు వెళ్లి కాన్పులు చేస్తుంది. కిందటి వానల్లో కొండదారి మూడో మలుపు దగ్గర మా చిన్న కారు ఎక్కలేక మొరాయించింది. అక్క సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది, రక్తం ఆగక తల్లి కళ్లు తేలేస్తోంది. ఆ తల్లి ఎలాగో బతికింది కానీ, మా అక్క మూడు రోజులు ముద్ద మింగలేదు.

"ఇంకోసారి నిన్ను ఆ మలుపులో దిగనివ్వను," అన్నాడు బావ.

పెద్ద కారు తీసుకోవచ్చుగా అంటారేమో. ఆ ఇరుకు దారిలో ఆ చిన్న కారు తప్ప మరేదీ పట్టదు. అందుకని దాని ఇంజన్‌కే టర్బో బిగించడానికి పూనుకున్నాడు.

"ఇంజన్ వదిలే పొగతో తిరిగే పంకా ఇది. ఇంజన్‌లోకి ఇంకా గాలి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు పెంచాలి, వేడీ పెరుగుతుంది. కంపెనీవాళ్లు ఇవేవీ అనుకోకుండా కట్టిన ఇంజనిది," అన్నాడు.

"మరెందుకు బావా ఈ తలనొప్పి?"

"తల నాదేగా. నువ్వు బోల్టులందించు."

నెల రోజులు కుస్తీ పట్టాడు. గొట్టాలు కుదరక మూడుసార్లు కోసి అతికాడు. టర్బోలో నూనె దానంతటదే కిందికి జారాలట. ఆయన పెట్టిన గొట్టం ఒకచోట కాస్త పైకి లేవడంతో నూనె నిలిచి కాలి, షెడ్డంతా నీలిపొగ కమ్మేసింది. నేను దగ్గుతూ తిట్టాను, ఆయన దగ్గుతూ నవ్వాడు. లోపల గాలి మరీ నలగకుండా ఇంజన్ పైమూత, అదే హెడ్డు, కింద మందపాటి గాస్కెట్ రేకు వేశాడు. ఇక మిగిలింది పెట్రోలును అంటించే స్పార్క్ ఏ క్షణాన పడాలో సర్దడమే. అది తొందరపడితే పెట్రోలు అదుపు తప్పి పేలి, పిస్టన్ దెబ్బతింటుంది. అలాంటప్పుడు ఇంజన్ సన్నగా టిక్కుటిక్కుమంటుంది, అది విని స్పార్క్‌ను వెనక్కి జరపాలి. వినడమంటే బావకు వెన్నతో పెట్టిన విద్య.

ఒక్కడే కారును ఎత్తు మీదికి తోలి వచ్చి, "నిక్షేపంగా ఉంది," అన్నాడు. అయినా అలవాటు కొద్దీ స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశాడు. తెల్లటి పింగాణీ మీద మెరిసే చుక్కలున్నాయి. పిస్టన్ లోహం అది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంజన్ మొత్తుకుంటూనే ఉంది. నాకే వినపడలేదు."

పిలిస్తే బావ పలకడం లేదని, పొగరెక్కిందని ఏడాదిగా దెప్పుతున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఇంకొకడైతే పెట్రోలు మంచిది కాదని తప్పించుకునేవాడు. బావ చేతులు కడుక్కుని తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాడు.

"నాకు సన్న చప్పుళ్లు వినపడటం లేదు. కారెక్కి నువ్వు విను," అన్నాడు.

"నాకు తెలుసండీ. మీరే చెబుతారని ఆగాను. కడుపులో బిడ్డ గుండె వినేదాన్ని, ఇంజన్ వినలేనా?" అంది అక్క.

ఆ క్షణంలో ఇద్దరికీ దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. బావ నడిపాడు, పక్కన అక్క, వెనక నేను. టిక్కుమనగానే అక్క ఆయన భుజం తట్టేది. ఆయన కారు ఆపి దిగి, స్పార్క్‌ను వెంట్రుకవాసి వెనక్కి జరిపేవాడు. ఏడుసార్లు తట్టింది, ఏడుసార్లూ దిగాడు. ఇంజన్ విషయంలో ఎవరి మాటా లక్ష్యపెట్టని మనిషి, ఒక్కసారి కూడా "నిజమేనా?" అని అడగలేదు.

మూడో మలుపు వచ్చింది. కారు మూలిగింది, కానీ ఆగలేదు. అక్క చెయ్యి భుజం మీదే ఉంది, కదల్లేదు. మలుపు దాటేశాం. నాకు కళ్లు చెమర్చాయి.

పైన ఇళ్ల ముందు బావ కారు ఆపి, అక్క వైపు తలుపు తెరిచాడు.

"ఇప్పుడు దిగు," అన్నాడు.

అక్క దిగలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, "రేపు మీ చెవులు చూపించుకుందాం," అంది.

"ఆఁ?" అన్నాడు బావ.

అక్క మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా.