కొత్త కోచ్ వచ్చిన వారం

జోనెల్ ప్రూయిట్ ఎవరని అడిగితే మా ఊళ్ళో సగం మంది తెల్లమొహం వేస్తారు. మిగతా సగం మంది "ఆ, లైను కోచ్ భార్య కదూ" అంటారు. అంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకు తెలుసు. ఆమె ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఆమె జుట్టు కత్తిరించేది నేనే. నా పేరు నాడీన్. ఎల్డర్‌బీలో కోర్టు వెనక సందులో నా పార్లరు. మా దగ్గర కత్తెరల కంటే నోళ్ళే ఎక్కువ ఆడతాయి.

లైను కోచ్ అంటే, మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే కుర్రాడి ముందు గోడలా నిలబడి మీదికొచ్చేవాళ్ళను ఆపే ఆ భారీకాయులున్నారే, వాళ్ళను తయారుచేసేవాడు. జట్టుకు అలాంటివాడు ఒక్కడే ఉంటాడు. జోనెల్ మొగుడు హోయ్ట్ ఆ పని చేస్తాడు. మంచివాడు, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియనంత లావాటి మనిషి. జట్టు గెలిస్తే అతని పేరెవరూ తలవరు. ఓడితే మాత్రం చర్చిలో కూడా తలుస్తారు.

ఈ ఉద్యోగాల్లో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. పెద్ద కోచ్‌ను తీసేస్తే కింద ఉన్నవాళ్ళంతా గాల్లో ఉన్నట్టే. కొత్తగా వచ్చినాయన ఇష్టమైతే ఉంచుకుంటాడు, లేదంటే తన మనుషుల్ని వెంటబెట్టుకొస్తాడు. అలా జోనెల్ పెళ్ళయినప్పటి నుంచీ ఊళ్ళు మారుతూనే ఉంది. టెక్సాస్‌లో రెండు, అర్కాన్సాలో ఒకటి, ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. ఆమె పట్టించుకునేది కాదు. వాళ్ళమ్మాయి టెస్ పట్టించుకుంది. కిందటిసారి ఊరు మారినప్పుడు ఆ పిల్ల మాట్లాడటమే మానేసింది. బడిలో ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత తిండీ మానేసింది. ఆసుపత్రిలో పెట్టి గొట్టంతో తినిపించాల్సి వచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు జోనెల్ అద్దంలో కూడా నా వైపు చూడలేకపోయింది.

ఇక్కడికి వచ్చాక ఆ పిల్ల తేరుకుంది. బడి బ్యాండులో చేరింది, ఒక స్నేహితురాలు దొరికింది, ఆ స్నేహితురాలికి ఇంకో నలుగురున్నారు. "ఇప్పుడు దాని నోరు మూయించలేక చస్తున్నాను నాడీన్" అని జోనెల్ విసుక్కునేది. ఆ విసుగులో ఎంత సంబరముందో చూసినవాళ్ళకు తెలుస్తుంది. బడి చదువు పూర్తయ్యేదాకా ఇక్కడి నుంచి కదిలేది లేదని కూతురికి మాటిచ్చింది కూడా. ఫుట్‌బాల్ కోచ్ భార్య అలాంటి మాట ఇవ్వకూడదు. ఇచ్చింది. తల్లి కదా, ఏం చేస్తుంది.

ఇక రాయిస్ టాల్మడ్జ్ సంగతి. కోళ్ళ ఫ్యాక్టరీల ఆసామి. కాలేజీ స్టేడియానికి డబ్బిచ్చాడు కాబట్టి దాని తూర్పు గోడ మీద ఆయన పేరుంది. కోచ్‌లు అద్దెకుండే ఇళ్ళు ఆయనవే, జోనెల్ వాళ్ళదీ అంతే. కాలేజీ ఆయనది కాదు, కానీ ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. ప్రాక్టీసు జరుగుతుంటే మైదానం గీత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరిని ఆడించాలో ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పడం ఆయనకు అలవాటు. ఈ ఏడు పెద్ద కోచ్‌కు ఒళ్ళు మండి ఆ కుర్చీని తీయించేశాడు. జట్టు వరసగా ఓడింది కాబట్టి ఆయన ఉద్యోగం పోయిందంటారు జనం. నన్నడిగితే, ఆ కుర్చీ తీసిన రోజే పోయింది. ఒప్పందంలో ఇంకా మిగిలిన ఏళ్ళ జీతమంతా టాల్మడ్జే కట్టి, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఆయన్ను సాగనంపాడు.

ఆ వారమంతా మా ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని, కొత్త కోచ్‌ను వెతకబోయిన టాల్మడ్జ్ విమానం ఎక్కడ తిరుగుతోందో చూస్తూ కూర్చుంది. ఏ విమానం ఎక్కడుందో చూపించే ఆప్ ఉందిగా. తలకు రంగు వేయించుకుంటున్న ఆడవాళ్ళు సైతం "కెంటకీ మీదుంది, కెంటకీ మీదుంది" అని అరుపులు. "దిగింది! ఎవరక్కడ?" "వాడా? వాడు నాకొద్దే తల్లీ, వాడి మొహం చూడలేను." కొత్త కోచ్ ఎవరో కాలేజీ ప్రెసిడెంటుకు తెలిసేసరికే మా పార్లర్లో అతని భార్య చెప్పులు బాగున్నాయా లేదా అన్న చర్చ కూడా అయిపోయింది. జోనెల్ మాత్రం మూల కుర్చీలో కూర్చుని వేళ్ళ చివర్లు కొరుక్కుంటూ ఉంది. గోళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"హోయ్ట్ ఏమంటున్నాడే?" అని అడిగాను.

"ఏమంటాడు? జట్టులోకి రమ్మని అడగడానికి జార్జియాలో ఎవరో కుర్రాడి ఇంట్లో కూర్చుని, వాళ్ళమ్మకు 'మీ వాణ్ణి నాలుగేళ్ళూ నా బిడ్డలా చూసుకుంటాను' అని చెబుతున్నాడు. వచ్చే వారం తనుంటాడో లేదో తనకే తెలీదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు. ఆఫీసు తలుపు కార్డు ఇంకా పనిచేస్తోందంట, అదొక్కటే ఆశ."

"కార్డు పనిచేస్తే ఉద్యోగం ఉన్నట్టా?"

"కోచ్‌ల పెళ్ళాలమంతా అలాగే అనుకుంటున్నాం నాడీన్. ఇంకేం పట్టుకుని వేలాడమంటావు?"

సరిగ్గా ఆ రోజే టాల్మడ్జ్ భార్య ఇమోజీన్ వచ్చింది, పెళ్ళయినా మర్యాదకు ఊళ్ళో అందరూ 'మిస్ ఇమోజీన్' అనే పిలుస్తారు. గురువారం ఆవిడ జుట్టు సెట్ చేసుకునే రోజు, భూకంపం వచ్చినా వస్తుంది. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో చావైనా మొదటి వంట ఆవిడింటి నుంచే వెళుతుంది. కాకపోతే ఎదుటివాళ్ళ బతుకు ఎంత సన్నటి దారం మీద ఉంటుందో ఎప్పుడూ చూసే అవసరం పడని మనిషి. జోనెల్ ఆవిడను చూడగానే లేచి నిలబడింది. నాకే చిన్నతనమనిపించింది.

"మిస్ ఇమోజీన్, ఒక్క మాటండీ. మా టెస్ సంగతి మీకు తెలుసు కదా. దానికి బడి అయిపోయేదాకా మేమిక్కడే ఉండగలిగితే చాలండీ. హోయ్ట్‌ను ఉంచుకోమని మీవారు కొత్తాయనతో ఒక్క మాటంటే..."

"అయ్యో బంగారం, దీనికా ఇంతలా వణికిపోతున్నావు? ఇలా రా" అని ఇమోజీన్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "రాయిస్‌తో ఇవాళే చెప్తాను. తనింట్లో కుక్కను మార్చాలన్నా మావారినే అడిగేట్టున్నాడు ఆ కొత్తబ్బాయి. నువ్వు నిశ్చింతగా పడుకో."

చెప్పింది కూడా, అబద్ధమాడలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద జోనెల్‌ను పిలిచి, "రాయిస్‌తో అన్నానమ్మా. చూద్దాం అన్నాడు" అంది. జోనెల్ పరుగున నా దగ్గరికొచ్చింది.

"చూద్దాం అన్నాడట నాడీన్! ఆయన వద్దనుకుంటే వద్దనే అంటాడు కదా? మొహమాటమున్న మనిషి కాదు కదా?"

నాకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన టాల్మడ్జ్ 'చూద్దాం' అంటే ఇక చూడడు. కానీ ఆమె మొహం చూసి ఆ మాట నోట్లోనే మింగేశాను. "అవునులే" అన్నాను.

మంగళవారం ఇమోజీన్ జోనెల్‌కు ఫోన్ చేసింది. కొత్త కోచ్‌తో వస్తున్న వాళ్ళలో ఒకరి భార్య ఊరు చూడటానికి వస్తోందట. పాపం కొత్త పిల్ల, ఎవరూ తెలీదు, బడి చూపించు, కొట్లు చూపించు, ఇంటికి తీసుకెళ్ళి కాస్త కాఫీ ఇవ్వు, నీకంటే బాగా ఎవరు చేస్తారు అందట. జోనెల్ కాళ్ళు నేల మీద నిలవలేదు.

"మమ్మల్ని పంపించేసేవాళ్ళయితే మర్యాదలు నన్ను చెయ్యమంటారా? ఆలోచించు! ఇంటి మనిషిననేగా నాకు చెప్పింది."

"ఎవరి భార్యో అడిగావా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదే పిచ్చిమొహమా?"

"అడిగితే బాగోదు నాడీన్. నేనేదో భయపడుతున్నానని అనుకుంటారు."

భయపడటం లేదు కాబోలు! ఆమె తల కడుగుతుంటే మెడ నరాలు తాళ్ళలా తగిలాయి నాకు.

వచ్చినావిడ పేరు కార్లీ. ముప్పై దాటి ఉండవు, అప్పుడే నలుగురు పిల్లలట, మొహాన ప్రయాణం బడలిక. సాండ్‌విచ్‌లు చేయడానికి సాయం రమ్మంటే ఆ మధ్యాహ్నం నేనూ జోనెల్ ఇంట్లోనే ఉన్నాను. జోనెల్ ఆమెను ఊరంతా తిప్పి తీసుకొచ్చింది. నిన్న చేసిన కేకు బల్ల మీద పెట్టింది, కప్పులు సర్దింది. బడి ఎంత మంచిదో, బ్యాండు మాస్టారు ఎంత ఓపిక గలవాడో తెగ చెప్పింది. సంచీలోంచి కొలత టేపు తీసి కార్లీ బల్ల మీద పెట్టుకుంటే, పరదాల కోసం కొట్లో ఏదో కొనాలనుకుంటోందనుకున్నాం ఇద్దరమూ.

"ఇంతకీ మీవారు జట్టులో ఎవరికి నేర్పుతారు? బంతి విసిరేవాళ్ళకా, పట్టేవాళ్ళకా?" అని చాకు తుడుస్తూ నేనే అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"లైను కోచ్ అండీ" అంది కార్లీ. "కొత్తాయన ఎక్కడికెళ్ళినా మావారిని వదలరు. దేంట్లోనైనా టాల్మడ్జ్ గారి మాటకు ఎదురు చెప్పరంట గానీ, 'లైను కోచ్ మాత్రం నా ఇష్టం' అన్నారంట. టాల్మడ్జ్ గారు సరే అన్నారంట."

ఎంత తేలిగ్గా సరే అన్నాడో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కుర్చీ తిరిగి గీత పక్కన వేయించుకోవడానికి ఏదో ఒకటి వదులుకోవాలి కదా. హోయ్ట్‌ను వదులుకున్నాడు. అడిగితే పేరైనా గుర్తుంటుందో ఉండదో!

జోనెల్ కాఫీ పోస్తూనే ఉంది. కప్పు నిండి సాసరులోకి పొర్లింది. నేను లేచి ఆమె చేతిలోంచి కూజా తీసుకున్నాను.

కార్లీ మొహం పాలిపోయింది. ఆమె కూడా కోచ్ భార్యే మరి. "వాళ్ళు మీకు చెప్పలేదా?" అంది చిన్నగా. "ఈ ఇల్లు ఖాళీ అవుతోంది, ఇంట్లో ఉన్నావిడే దగ్గరుండి చూపిస్తుంది అన్నారు మిస్ ఇమోజీన్. మీకు తెలుసనుకున్నాను. దేవుడి తోడండీ, తెలుసనుకున్నాను."

"చెప్పారమ్మా, చెప్పారు" అంది జోనెల్. "మాటల్లో పడి మర్చిపోయాను. రా, గదులు చూపిస్తాను."

ఆ కేకు తీసుకెళ్ళి టాల్మడ్జ్ మొహాన కొట్టాలనిపించింది నాకు. జోనెల్ మాత్రం ఒక్కో గదీ తిప్పి చూపించింది. ఈ కుళాయి చలికాలం బిగుసుకుంటుందనీ, వాన పడితే వెనక తలుపు కింద గుడ్డ పెట్టాలనీ చెప్పింది. "వద్దండీ, నేను తర్వాత వస్తాను" అని కార్లీ వెనక్కి జరుగుతుంటే, "మళ్ళీ ఎక్కడొస్తావు, నలుగురు పిల్లలతో! కొలుచుకో. నేను కూడా ఇలాగే వచ్చి కొలుచుకున్నాను. అప్పుడున్నావిడ పక్క గదిలో కూర్చుని ఏడుస్తోంది" అంది. చివరి గది టెస్‌ది. కిటికీకి ఒక చివర టేపు జోనెల్ పట్టుకుంది, రెండో చివర కార్లీ పట్టుకుంది.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. "అమ్మా, ఇవాళ బడిలో ఏమైందో చెప్తే నువ్వు నమ్మవు, ఆ బ్యాండు మాస్టారు ఉన్నాడే..." అనుకుంటూ టెస్ గదిలోకి వచ్చేసింది. తెలియని మనిషిని చూసింది. కిటికీకి అడ్డంగా సాగి ఉన్న టేపును చూసింది. తల్లి వేళ్ళను చూసింది. పుట్టినప్పటి నుంచీ కోచ్ కూతురు. దానికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

భుజాన ఉన్న సంచీని మెల్లగా కింద పెట్టింది.

"ఈసారి ఏ ఊరు?" అంది.

"ఇంకా తెలీదు తల్లీ" అంది జోనెల్.