మాకు సముద్రం చూపించిన నర్సమ్మ

మదనపల్లెలో బస్సు కదిలి టమోటా మార్కెట్ దాటేదాకా కిటికీలన్నీ మూసినా ఆ వాసన ఆగదు. లారీ చక్రాల కింద నలిగిన పండ్ల పులుపు, తడిసిన గడ్డి, డీజిల్ పొగ అన్నీ కలిసి లోపలికి వచ్చేస్తాయి. ప్రయాణికులు చీరకొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. టికెట్ మిషను పట్టుకుని వాళ్ల మధ్య నిలబడ్డ నేను మాత్రం ఊపిరి గట్టిగా పీలుస్తాను. మా అమ్మ చీరల్లో పన్నెండేళ్లు ఉండిన వాసన అది. మా అమ్మను ఆ మార్కెట్ దాకా నడిపించిన మనిషి పేరు మునిరత్నమ్మ. మా పల్లెలో అందరికీ ఆమె నర్సమ్మ.

సదుం దగ్గర మా పల్లెకు ఆమె నర్సుగా వచ్చేటప్పటికి నాకు పదేళ్లు. పాత మోపెడ్ వెనక టీకాల పెట్టె కట్టుకుని దుమ్ములో వచ్చేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పేది. ఏడాదికొకసారి సెలవు పెట్టి ఒంటరిగా రైలెక్కేది. ఒక ఏడు మంచుకొండలకు, ఒక ఏడు ఇసుక ఎడారికి. ఎక్కడైనా వరద వచ్చిందని తెలిస్తే మాత్రం చూడాలనుకున్న ఊరు పక్కన పెట్టి అక్కడికి పోయేది. బురదలో తిరిగి గాయాలకు కట్లు కట్టి, జ్వరాలకు మందులిచ్చి, నల్లబడి చిక్కిపోయి వచ్చేది. వచ్చిన మర్నాడే మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి చంటిపిల్లల బరువు తూస్తూ, చూసినవన్నీ చెప్పేది. ఆమె చెప్తుంటే పొయ్యి మీద అన్నం అడుగంటినా ఎవరూ లేచేవాళ్లు కాదు.

ఆమె వెనక మాటలు పుట్టకుండా ఉంటాయా? మొగుడూ పిల్లలూ లేని మనిషికి కాలు నిలవదని అరుగుల మీద అనుకునేవాళ్లు. ఒకరోజు ఆమెకు వినబడేటట్టే అన్నారు. ఆమె బండి ఆపి దిగింది.

"కాలు నిలవకపోబట్టే కదప్పా మీ గడప దాకా మందు వస్తాండాది" అని చెప్పి, మళ్లీ బండెక్కి పోయింది. గొంతు పెంచలేదు. ఆ మాట విన్నప్పుడు నేను వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆడమనిషి అట్లా జవాబు చెప్పి తలెత్తుకుని పోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ నాగమ్మ చెంగల్రాయప్ప తోటల్లో టమోటా కోతకు కూలికి పోయేది. ఆయన మా ఊరి పెద్ద రైతు. పల్లెలో సగం మందికి ఆయన చేనే పని. ఒక మధ్యాహ్నం నర్సమ్మ బీపీ చూస్తుంటే, సముద్రం ఏ రంగులో ఉంటుందని అమ్మ అడిగింది. నర్సమ్మ చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ, "నేను సెప్పను. వచ్చి సూడు" అంది.

ఆ మాట వేళాకోళానికి అన్నది కాదు. మద్రాసు పోయి సముద్రం చూడడానికి పదిహేను రోజుల్లో పదకొండు మంది ఆడవాళ్లు పేర్లిచ్చారు. అందరూ కూలికి పోయేవాళ్లే. మద్రాసుకు చిత్తూరు మీదుగా బస్సులో పోతే దగ్గర. కానీ వీళ్లలో ఎవరూ రైలెక్కి ఎరగరు, అందుకని కుప్పం పోయి రైల్లో పోదామని నర్సమ్మ పట్టుబట్టింది. ఈ సంగతి చెంగల్రాయప్పకు తెలిసింది. తాళి తెగిన ఆడది ఊర్లు తిరగడం ఊరికి మంచిది కాదనీ, పోయినవాళ్లెవరూ మళ్లీ తన చేలో కాలు పెట్టక్కరలేదనీ కబురు పంపాడు. ఏడుగురు వెనక్కి తగ్గారు. నర్సమ్మ మా ఇంటికొచ్చి, పని పోదని తాను చెప్పలేననీ, పోతే మాత్రం ఏదో ఒక దారి చూస్తాననీ ఉన్న మాట చెప్పింది. మూడో రోజు అమ్మ ఉన్న రెండు చీరల్లో మంచిదాన్ని ఉతికి దడి మీద ఆరేసింది. పోతున్నామని నాకు అర్థమయింది.

నలుగురు ఆడవాళ్లు, వాళ్లతో పదిహేనేళ్ల నేను. మద్రాసు ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడిచాం. మిగతావాళ్లు కేకలు వేస్తూ నీళ్లలోకి పరిగెత్తారు. అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో చాలాసేపు అట్లాగే నిలబడింది. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప రాని నేల మాది. చివరికి నర్సమ్మ వైపు తిరిగి, "ఇన్ని నీళ్లు ఎవురూ తవ్వకనే వచ్చినాయా?" అని అడిగింది. నర్సమ్మ నవ్వలేదు. అవునని చెప్పి అమ్మ చెయ్యి పట్టుకుంది. మా అమ్మ ఏడవడం నాన్న పోయిన తర్వాత నేను చూసింది అప్పుడే.

తిరిగొచ్చాక చెంగల్రాయప్ప అన్నంత పనీ చేశాడు. కోతల కాలంలో నలుగురికీ పిలుపు రాలేదు. నర్సమ్మ ఆయన ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. ఆమె కూర్చోలేదు, ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

"మీయమ్మ కాశీకి పోయినప్పుడు ఊరంతా మేళాలు పెట్టి సాగనంపిందంట కదప్పా. ఆయమ్మకూ అప్పటికి తాళి లేదు. నాగమ్మ పోతే యాల తప్పయింది?"

చెంగల్రాయప్ప నేల చూశాడు. ఆయన భార్య సరోజమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. మాకు పని ఇమ్మని నర్సమ్మ అడగలేదు. అడుగుతుందనుకుని పోయిన నాకు తిరుగు దారి పొడుగునా కోపమే. కానీ మర్నాడు తెల్లవారగానే ఖాళీ క్రేట్లతో మదనపల్లె పోయే లారీని ఆపి, నలుగురినీ ఎక్కించి, మోపెడ్ మీద తానూ వెనకే పోయింది. మార్కెట్లో ఒక మండీ యజమానితో మాట్లాడి పండ్లు ఏరే పని ఇప్పించింది. అమ్మ ఆ పనిలో పన్నెండేళ్లు ఉండింది. తర్వాతి ఏడు చెంగల్రాయప్ప మళ్లీ పిలిచాడు. అమ్మ పోలేదు.

నర్సమ్మ మీద మాత్రం పైకి అర్జీలు పోయాయి. పని మానేసి ఆడవాళ్లను చెడగొడుతోందట. ఆమెను కుప్పం వైపుకు బదిలీ చేశారు. నేను ఏడుస్తుంటే ఆమె సామాన్లు కట్టుకుంటూనే ఉంది. "బదిలీ అంటే ఏముండాది మే? ఇంగో ఊరు సూడమని గవుర్మెంటే పంపిస్తాండాది" అంది.

ఆమె కుప్పం పోయిన ఆరు నెలలకు, ఎండ మాడుతున్న వేళ, సరోజమ్మ మా ఇంటికొచ్చింది. అంతకు ముందెప్పుడూ మా వీధిలోకి రాని మనిషి. సముద్రం నిజంగానే అంత ఉంటుందా అని అమ్మను అడిగింది. మళ్లీ ఎప్పుడు పోతారని అడిగింది. ఆ ఏడు కుప్పం స్టేషన్లో మా కోసం నిలబడ్డ నర్సమ్మ, మాతో బస్సు దిగిన సరోజమ్మను చూసి ఆమె చేతిలోని సంచి అందుకుంది. మొగుడు ఏమన్నాడని రైల్లో అమ్మ మెల్లగా అడిగింది. తాను ఆయన్ను అడగలేదనీ, చెప్పి వచ్చాననీ సరోజమ్మ అంది. అమ్మ కట్టుకొచ్చిన రాగిసంగటి ముద్దలో సగం తుంచుకుని తింది.

నర్సమ్మలో నాకు మింగుడు పడనివీ ఉన్నాయి. తొందర కోపం. మందు వేసుకోని వాళ్లను నలుగురిలో తిట్టేది. నా పెళ్లికి రాలేదు. అప్పుడే ఎక్కడో వరద వచ్చిందని పోయింది. రెండు నెలల తర్వాత పుంగనూరులో మా అత్తగారింటికి వస్తే నేను మంచినీళ్లిచ్చి ముఖం తిప్పుకున్నాను. నా పెళ్లికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారనీ, అక్కడికి వచ్చేవాళ్లు లేరనీ అంది. క్షమించమని అడగలేదు. ఆ మాట సరైనదే అయినా నా మనసుకు పట్టడానికి ఏళ్లు పట్టింది. కండక్టర్ ఉద్యోగం వచ్చినప్పుడు, మగవాళ్ల మధ్య తిరిగే పని వద్దని మా అత్తింటివాళ్లు అడ్డం పడ్డారు. అప్పుడు మళ్లీ అదే నర్సమ్మ వచ్చి మా వసారాలో కూర్చుంది. నా తరఫున ఒక్క మాటా మాట్లాడలేదు. "నువ్వే సెప్పు. నేను వింటాండా" అని నాతో అంది. చెప్పాను. ఉద్యోగంలో చేరాను.

రిటైరయ్యాక ఆమె కుప్పంలోనే గది తీసుకుని ఉండింది. మోకాళ్లు అరిగినా చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్లకు మందులు చేరవేసేది. పోయిన ఏడు అక్కడే ఆసుపత్రిలో చనిపోయింది. కబురు తెలిసి మా పల్లె నుంచి, వెంకటగిరికోట వైపు నుంచి ఆడవాళ్లు వచ్చారు. గది ముందు వీధి నిండిపోయింది. బెంగళూరు నుంచి వచ్చిన ఆమె అన్న కొడుకు మంచివాడే. కానీ పాడె లేచే వేళకు, ఆడవాళ్లు ఇక్కడితో ఆగిపోవాలనీ, శ్మశానానికి రాకూడదనీ అన్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లు తలలూపారు.

మా అమ్మ ముందుకు వచ్చింది.

"బతికినన్నాళ్లూ ఆయమ్మే మమ్మల్ని తీసకపోయింది నాయనా. ఈ ఒగ తూరి మేము తీసకపోతాము."

అని, పాడె ముందు కొమ్ము భుజానికెత్తుకుంది. రెండో కొమ్ము సరోజమ్మ పట్టింది. వెనక నేనూ, కుప్పం ఊరి మనిషి ఒకామె. ఎవరూ అడ్డం రాలేదు. వచ్చినా ఆగేవాళ్లం కాదు. బజారులో అంగళ్లవాళ్లు లేచి నిలబడ్డారు. కొందరు చూపు తిప్పుకున్నారు. తిప్పుకోనీ. ఆమె బరువు నా ఎడమ భుజం మీద ఎంత ఉండిందో నాకు ఇప్పటికీ తెలుసు. మనిషి చాలా తేలిక.

ఆమె ఏటా ఆడవాళ్లతో నడిపిన ప్రయాణం ఆగలేదు. పేర్లు రాసుకోవడం, సెలవు పెట్టడం, ఇంట్లో గొడవ పడడం, అన్నీ ఇప్పుడు నా పని. ఊరికే చూసి రావడం కుదరదని ఆమె పెట్టిన నియమం కూడా అట్లాగే ఉంది. పోయిన ఊళ్లో ఒక రోజు ఎవరికో ఒకరికి పని చెయ్యాల్సిందే. పోయిన నెల పద్నాలుగు మందితో కుప్పంలో రైలెక్కాను. పెట్టెలోకి వచ్చిన టికెట్ కలెక్టరు మా గుంపును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మగమనిషి కోసం నా వెనక్కి కూడా తొంగిచూశాడు. వీళ్లందరికీ పెద్ద ఎవరని అడిగాడు.

"నేనే" అన్నాను.