చివరివాడు బయటికి వచ్చేదాకా

మా ఫ్యాక్టరీ ఫోర్‌మన్ షిఫ్టు ముగిశాక గేటు పక్కన నిలబడేవాడు. తన కింద పనిచేసినవాళ్లంతా బయటికొచ్చాకే ఇంటికి వెళ్లేవాడు. కేజీఎఫ్ బంగారు గనిలో మేస్త్రీగా చేసిన ఆయన తండ్రి మనుషులందరినీ పైకి పంపి ఆఖరున తాను వచ్చేవాడట. గని మూతపడినా ఆ అలవాటు కొడుక్కి మిగిలింది.

ఒకరోజు మాలాంటి ప్రభుత్వ సంస్థల జీతాలను సమీక్షించే కమిటీ అధికారి వచ్చాడు. పర్మనెంటు వాళ్లకు జీతం పెంచుతామనీ, కాంట్రాక్టు వాళ్ల సంగతి సంస్కరణలు పూర్తయ్యాక చూస్తామనీ క్యాంటీన్‌లో చెప్పాడు. ఇద్దరూ చేసేది ఒకే పని అని ఆయనకు తెలుసు. తెలిసే చెప్పాడు. మావాళ్లు సిగ్గులేకుండా చప్పట్లు కొట్టారు.

ఆ ఒప్పందం మీద యూనియన్ తరఫున సంతకం పెట్టవలసిన ఫోర్‌మన్ పెన్ను ముట్టలేదు.

"మనోళ్లు ఇంగా పైకి రాలేదు సార్. నేనెట్ల పోయేది?"

"షిఫ్టు అయిపోయింది కదయ్యా, లోపల ఇంకెవరున్నారు?"

ఫోర్‌మన్ కిటికీ బయట నిలబెట్టిన కాంట్రాక్టు వాళ్లను చూపించాడు.

"ఏమప్పా, పిచ్చి పట్టిండాదా? మా పిల్లోళ్ల నోట్లో మన్ను కొడతావా?" అన్నాడు ఒక ఫిట్టర్.

"వాళ్లకీ ఉండారప్పా పిల్లోళ్లు."

ఒకప్పుడు బజారులో సగం జవుళి అంగళ్లు మా తాతవి. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవని వంశం మాది. అధికారికి నేను లేవలేదు. ఫోర్‌మన్ బయటికి నడుస్తుంటే లేచాను.

మర్నాడు యూనియన్ పదవి నుంచి ఆయన్ని తప్పించి ఇంకొకడిచేత సంతకం పెట్టించారు. కాంట్రాక్టు వాళ్లది ఇప్పటికీ పాత జీతమే. సంతకమైన ఆ సాయంత్రం ఫోర్‌మన్ ఎప్పటిలాగే గేటు పక్కన నిలబడ్డాడు. చప్పట్లు కొట్టిన ప్రతివాడూ ఆయన ముందునుంచే ఇంటికి పోవలసి వచ్చింది.