అత్త గొంతు సన్నబడే చోట

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో నా పడుచు రోజుల్లో పాట మొత్తం నచ్చడమనే అలవాటు నాకు లేదు. పాటలో ఎక్కడో ఒక చిన్న చోటు మాత్రం నచ్చేది. పల్లవీ చరణాలూ నాకు బస్సులాంటివి. నా స్టాపు రాగానే దిగిపోయేదాన్ని (సంగీతం తెలిసినవాళ్ళు క్షమించాలి). మా మేనత్త పాడే పడవపాటలో అలాంటి చోటొకటి ఉండేది. మావయ్య రేవులో పనికి కుదిరినప్పుడు అత్త శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఆయన వెంట తెచ్చుకున్న పాట అది. రెండో చరణం చివర, వేటకెళ్ళినవాణ్ణి పిలిచే మాట దగ్గర, ఆమె గొంతు సన్నబడి, ఇంకా సన్నబడి, ఇక లేదేమో అనిపించి, అంతలోనే లోపలెక్కడి నుంచో నిండుగా తెరుచుకునేది. రెప్పపాటు, అంతే. నా ఒళ్ళంతా జలదరించేది. ఆమె చేపలు తోముతూ పాడుతుంటే గుమ్మంలో కూర్చుని, "మళ్ళీ పాడత్తా, ఆ ముక్కే!" అనేదాన్ని. "ఏటే నీ పిచ్చి! కూర మాడిపోతంది" అంటూనే మళ్ళీ పాడేది.

ఒక ఏడాది మా వీధి దుర్గాపూజలో తెలుగువాళ్ళకీ స్టేజీ మీద చోటిచ్చారు. ఎన్నేళ్ళుగానో అడగ్గా అడగ్గా పూజ కమిటీ సెక్రటరీ దాదా (వాళ్ళ భాషలో అన్నయ్య) ఒప్పుకున్నాడు. "రెండు పాటలు, అంతే. మావాళ్ళకి భాష తెలీదు. లేచి వెళ్ళిపోతే నన్ననొద్దు" అన్నాడు బెంగాలీలో. "మనోల పరువంతా నీ గొంతులోనే ఉందే" అని మావయ్య అనేసరికి అత్తకి ఆ రోజు అన్నం దిగలేదు. "స్టేజీ ఒక్కదాన్నీ ఎక్కలేను. నువ్వు పక్కనుండవే" అంది నాతో. అలా, గొంతులేని నేను వంతపాటకి చేరాను. అత్త ఒక్కో చరణం ముగించగానే 'హైలెస్సో' అనడమే నా పని (దానికి మైకెందుకిచ్చారో ఇప్పటికీ తెలియదు).

మొదటి చరణం ఎవరూ వినలేదు. జనం ఝాల్‌మూరీ మరమరాలు నములుతూ కబుర్లలో ఉన్నారు. వెనక వరసల్లో కొందరు లేచారు కూడా. అత్త గొంతులో వణుకు నాకు తెలుస్తూనే ఉంది. రెండో చరణం చివరికొచ్చింది. గొంతు సన్నబడింది. నాకు పందిరీ జనమూ కనబడ్డం మానేశాయి. అది తెరుచుకోగానే నేను 'హైలెస్సో' అనాలి కదా? నా నోట్లోంచి వచ్చింది వేరే.

"మళ్ళీ పాడత్తా!"

వీధి మలుపుదాకా కట్టిన లౌడ్‌స్పీకర్లన్నీ ఆ మాట మోగించాయి. నా ప్రాణం పోయింది. అత్త నావైపు ఒక్క చూపు చూసి, వంటింట్లో ఉన్నట్టే, ఆ ముక్క మళ్ళీ పాడేసింది. ఈసారి వణుకు లేదు. కబుర్లు ఆగాయి. ముందు వరసలో, వీధంతా ఠాకుమా అని పిలిచే బెంగాలీ ముసలావిడ, నా కేక కూడా పాటలో భాగమే అనుకుందో ఏమో, చెయ్యెత్తి "ఆబార్!" అంది. మళ్ళీ అని. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక పందిరంతా "ఆబార్! ఆబార్!" అత్త పాడుతూనే ఉంది. ఠాకుమా తన చేతిని రెండో చేత్తో రాసుకుంటోంది. నాకు ఎక్కడ జలదరిస్తుందో, ఒక్క తెలుగు ముక్క రాని ఆవిడకీ సరిగ్గా అక్కడే! నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. మమ్మల్ని ఆపడానికి వచ్చిన సెక్రటరీ దాదా స్టేజీ మెట్లమీదే ఆగిపోయాడు. రెండో పాట ఎవరికీ గుర్తే రాలేదు.

కిందికి దిగగానే మావయ్య, "అదేటే, మైకులో అలా అరిసేసినావు?" అన్నాడు. "అరిస్తే అరిసింది లెండి. ఆ ముసలమ్మ కళ్ళు తుడుసుకుంది, సూసినారా? మాట తెలీకుండా ఎలాగ ఏడిసిందంటారు?" అంది అత్త. ఇల్లు చేరేదాకా అదే అడుగుతూ నడిచింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాటని టేపులో పట్టి ఉంచాలన్న తెలివి అప్పుడెవరికీ లేకపోయింది. అప్పుడప్పుడు స్నానాలగదిలో గొళ్ళెం పెట్టుకుని నేనే ప్రయత్నిస్తాను. సన్నబడ్డం బాగానే వస్తుంది, తెరుచుకోవడమే రాదు. మొన్న మా అమ్మాయి తలుపు బాదింది. "మా! ఏటైంది? జారిపడ్డావా?"

"లేదే, పాడతన్నాను."

బయట బాదడం ఆగింది. తరవాత "ఓ..." అంది, ఎంతో జాలిగా. అద్దంలో చూస్తే ఒక నెరిసిన తలావిడ, రేపైనా ఆ ముక్క వస్తుందన్న ఆశతో, ఇంకా నోరు తెరిచే ఉంది. నాకు నవ్వొచ్చింది.