తువాలు కింద కారు బేరం

ఈ రోజు నేను అంబాసిడర్ కారు కొన్నాను. ఎంతకు కొన్నానో మాత్రం ఇంకా తెలియదు.

కారంపూడి దగ్గర ఒక పెద్దాయన పత్తి కొట్టంలో ఆ కారు పన్నెండేళ్లుగా కదలకుండా ఉంది. తుప్పు చూడటానికి టార్చి, పుట్టీ పెట్టి రంగేసిన చోట్లు పట్టుకోవడానికి అయస్కాంతం తీసుకుని వెళ్లాను. తోడొచ్చిన మా బాబాయి జీవితమంతా ఎడ్ల బేరాలు చేసినవాడు. ఆయన భుజం మీద తువాలు తప్ప ఏమీ తెచ్చుకోలేదు.

నేను కారు కిందికి దూరి చూస్తుంటే, బాబాయి బానెట్ మీద చరిచి పెద్దాయనను అడిగాడు.

"ఎవురినన్నా పొడిచిందా?"

"ఒక్కసారి మా గేటును పొడిచింది. మనుషుల జోలికి పోలా."

నేను బయటికొచ్చేసరికి ఇద్దరి చేతులూ తువాలు కింద ఉన్నాయి. పక్కవాడికి తెలియకుండా వేళ్లు నొక్కి ధర చెప్పుకునే ఎడ్ల సంత పద్ధతి అది. ఇక్కడ ఆ పక్కవాణ్ణి నేనే. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. బాబాయి మళ్లీ ఏదో నొక్కాడు. ఇద్దరూ నవ్వారు.

"ఎంతకు బాబాయ్?"

"నీకెందుకురా? బండి నచ్చిందా లేదా?"

నచ్చింది. ఎంత నచ్చిందంటే, ట్రాక్టరుకు కట్టి లాక్కొస్తుంటే స్టీరింగు పట్టుకుని కూర్చుని, దారంతా నోటితోనే హారన్ కొట్టాను.

ఇందాక మళ్లీ అడిగితే బాబాయి నా చేతి మీద తువాలు కప్పి నాలుగు వేళ్లు నొక్కాడు. నలభై వేలా, నాలుగు లక్షలా? ఎడ్ల సంత తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పొద్దున్నే డబ్బు పట్టుకెళ్లాలి.