ఫిట్టరు తాత గడ్డం

ఫిట్టరు తాతకు ఏ సేఫ్టీ రేజరూ కుదరదు. కొనేటప్పుడు పిడిని వేలిమీద నిలిపి మరీ బరువు చూస్తాడు, తీరా గీసుకున్నాక బుగ్గనిండా గాట్లే. ఆ నెత్తురు చూసి చిన్న మనవరాలు దగ్గరికి రాదు. ఆయన బాధల్లా అదే. ఆ ఉదయం కొత్త రేజరు కూడా కోసింది.

"ఇదీ దండగమారిదే!" అన్నాడు.

భార్య నవ్వింది. "దాన్నెందుకండీ ఆడిపోసుకుంటారు? ఆకురాయి పట్టినట్టు అదుముతున్నారు. అది ఇనుము కాదు, మీ బుగ్గ!"

ఆయన తన చేతిని చూసుకున్నాడు. ఫిట్టరు పనిలో ఆకురాయితో ఇనుము రాకి రాకి, అదమడమే పనితనమనుకున్న చెయ్యి. రెండో బుగ్గకు నురగ పట్టించి, పిడి చివరను రెండు వేళ్లతో వదులుగా పట్టుకున్నాడు. రేజరు తన బరువుకు తానే జారింది. మనవరాలు గుమ్మంలోంచి తొంగిచూసింది. ఆయన గాటుపడ్డ బుగ్గను తువ్వాలుతో మూసి, నున్నటి బుగ్గను అటు తిప్పాడు.